తుపాకీ వారిది, తోలు మనది

కామాటిపుర గల్లీలు దాటి, మౌలానా ఆజాద్ రోడ్డును అడ్డంగా దాటి (మన పెద్దల నోట అది ఇప్పటికీ డంకన్ రోడ్డే), దక్షిణంగా కాస్త నడిస్తే మటన్ స్ట్రీటు వస్తుంది. అదే చోర్ బజారు. పాత గడియారాలు, ఓడదీపాలు, గ్రామఫోను పెట్టెలు, నాటకాల కిరీటాలు అన్నీ అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. నాబోటి గుమాస్తాకు ఆదివారంనాడు ఇంతకన్న ఖర్చులేని వినోదం లేదు. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ.

ఆ అంగళ్ళలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవి నగిషీ చెక్కిన పాత పిస్తోళ్ళు. వాటిలో చాలావరకు కేవలం గోడకు తగిలించుకునే అలంకారపు బొమ్మలే. నిజమైన పనికి గుర్తు ఒకటుంది. ఉలితో చెక్కిన గీతకు అంచు పదునుగా నిలుస్తుంది, గోటికి తగులుతుంది. అచ్చులో పోత పోసిన పూవుకు అంచులు మొద్దుబారి, సబ్బు అరిగినట్టుంటాయి.

ఈ చెక్కడపు పనికి పెద్ద చరిత్రే ఉంది. 1851లో లండను మహాప్రదర్శనకు అమెరికానుంచి శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్లు తెచ్చాడు. ఇంగ్లీషువాడైన రాబర్ట్ ఆడమ్స్ తన వాటిని పెట్టాడు. 1857నాటి యుద్ధంలో ఇంగ్లీషు అధికారుల నడుముల్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. కోల్ట్ 1851 నేవీ రివాల్వరు గుండ్ల చక్రం చుట్టూ ఒక ఓడల యుద్ధం చెక్కి ఉంటుంది. దానిమీద ఆ బొమ్మ చెక్కిన ఆర్మ్స్‌బీ అనే పనివాడి పేరు కూడ చిన్న అక్షరాలలో ఉంటుంది. చేయించినవాడి పేరూ, చేసినవాడి పేరూ రెండూ ఇనుముమీద మిగిలాయన్నమాట.

మరి ఆ తుపాకిని మోసిన తోలు ఒర సంగతి ఏమిటి? దానిమీద ఎవరి పేరు ఉంది?

నడుముకు పటకా, భుజంమీదుగా అడ్డపట్టీ వేసి కత్తినీ పిస్తోలునూ మోసే పద్ధతిని సామ్ బ్రౌన్ బెల్టు అంటారు. ఆ సామ్ బ్రౌన్ మన దేశంలోనే పనిచేసిన సైనికాధికారి. 1858లో పిలిభీత్ దగ్గర జరిగిన పోరులో ఎడమచెయ్యి పోగొట్టుకొన్నాడు. ఒంటిచేత్తో కత్తి దూయడానికి వీలుగా ఆ పట్టీ కల్పించుకొన్నాడు. అతని పేరు ప్రపంచమంతటా నిలిచింది. పట్టీ కుట్టినవాడి పేరు ఎక్కడా లేదు.

ఆ తోలు మాత్రం ఎక్కడిదో కొంత చెప్పవచ్చు. 1857 తరువాత సైన్యానికి జీనులూ, పటకాలూ చేయడానికి ప్రభుత్వం కాన్పూరులో కర్మాగారం పెట్టింది. ఇటు మన వైపు తంగేడు చెక్కతోనూ, కరక్కాయతోనూ పదును చేసిన తోళ్ళు మద్రాసు రేవునుంచి ఓడలెక్కి లండను బజారుకు వెళ్ళేవి. తంగేడు మనకు బతుకమ్మ పూవు, 2014నుంచి తెలంగాణకు రాష్ట్రపుష్పం. పూవు బతుకమ్మకు, చెక్క లందలోకి. లందలో చేతులు నానినవారిని మాత్రం ఊరు వెలుపలే ఉంచాం. ఈ మాట చెప్పకుండా తోలు సంగతి చెప్పడం ధర్మం కాదు.

మా చాళ్ళో ఎనభై దాటిన తాత ఒకాయన ఉన్నాడు. ఖోలీ ఖాళీ చేయవలసి వస్తుందేమోనని ఈమధ్య అటకమీది పెట్టె దింపించాడు. కామాటిపుర పాత చాళ్ళు తీసి కొత్త మేడలు కట్టించే పథకాన్ని మ్హాడా చేపట్టిన సంగతి పాఠకులకు తెలిసిందే. పెట్టెలో ఇత్తడి చెంబులకింద ఒక పిస్తోలు ఒర ఉంది. లోపల పిస్తోలు లేదు.

"మా తాత కుట్టిండు బిడ్డా," అన్నాడాయన. "ఎవరో దొర పట్టీ తెగిందని ఇచ్చిపోయిండట. మల్ల రానే లేదు. తుపాకి దొరకాడనే ఉండె. ఇది మాకాడ ఉండిపోయింది."

తిప్పి చూస్తే రెండు కుట్లు కనిపించాయి. పాతది మరకుట్టు, సన్నగా, ఒకే వరసగా ఉంది. దానిపక్కన ఆరెతో పొడిచి, మైనపుదారంతో వేసిన చేతికుట్టు ఉంది. పాతది తెగింది, చేతికుట్టు తెగలేదు. మనవడు దానిని భంగారువాడికి ఇచ్చేద్దామంటున్నాడు. వాడిని తప్పుపట్టలేం, చిన్న ఖోలీలో ఎన్ని పెట్టుకొంటాడు?

ఇక్కడ చట్టం సంగతి కూడ చెప్పాలి. 1959 ఆయుధ చట్టం ప్రకారం పిస్తోలు ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి. కాలం చెల్లిన నమూనాదై, మరమ్మతు చేసినా పేలనిదానికి 45వ సెక్షను కింద మినహాయింపు ఉంది. కాని అది పేలుతుందో లేదో తేల్చేవాళ్ళం మనం కాదు. పెద్దల పెట్టెలో అలాంటిది బయటపడితే దాచకుండా, అమ్మకుండా, ముందు పోలీసు ఠాణాలో తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన కళావస్తువైతే 1972 పురావస్తు చట్టం ప్రకారం మామూలు మనుషులు దానిని దేశం దాటించరాదు. ఒరకు మాత్రం ఆయుధ లైసెన్సు అక్కరలేదు. పేదవాడు నిర్భయంగా దాచుకోదగిన భాగం అదొక్కటే.

దాచడంలోనూ ఒక చిత్రం ఉంది. ఆయుధాన్నీ ఒరనూ వేరుచేసి అమ్మితే రెండింటి చరిత్రా పోతుంది. అలాగని ఆయుధాన్ని ఒరలోనే ఉంచినా చెడుతుంది. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, దానిలోని పులుపు ఇనుముకు తుప్పు, ఇత్తడికి చిలుము పట్టిస్తుంది. అందుకే ఎరిగినవారు రెండింటినీ పక్కపక్కన, విడివిడిగా పెడతారు. బొంబాయి వానాకాలంలో ఒరకు బూజు పడుతుంది గనుక పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. నూనె పులమకూడదు. ప్లాస్టిక్ సంచిలో కట్టకూడదు. ఉతికిన పాత ధోవతి గుడ్డలో చుడితే చాలు.

రాజుల ఆయుధాలు చూడాలంటే మనకు కొదవలేదు. కోటలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయంలో అక్బరు కవచం ఉంది. హైదరాబాదులో 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గది నిండా కత్తులూ తుపాకులూ ఉన్నాయి. వాటిని కాపాడడానికి ప్రభుత్వాలున్నాయి. 18వ శతాబ్దం చివరినుంచి నిజాము రాజ్యం విడిచి వచ్చి, ఈ ఊరికి మట్టి మోసి, రాళ్ళు ఎత్తిన కామాటీలకు మిగిలింది ఒక పేట పేరు మాత్రమే. ఒక్కొక్కరి పేరు ఏ గోడమీదా లేదు.

కాబట్టి ఆ తాతను అడిగి ఒక కాగితంమీద ఆయన తాత పేరు, ఊరి పేరు, దొర తిరిగిరాని కథ తెలుగులో రాశాను. మనవడు దానిని మరాఠీలోకి మార్చి రెండో పక్కన రాశాడు, తన పిల్లలు తెలుగు చదవలేరు గనుక. కాగితం ఒరతోపాటే గుడ్డలో చుట్టారు. భంగారువాడి ప్రస్తావన ప్రస్తుతానికి ఆగింది.

మీ అటకలమీద కూడ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. తాపీ కావచ్చు, ఆరె కావచ్చు, మగ్గపు నాడె కావచ్చు. ఇల్లు మారే రోజు రాకముందే దింపి చూడండి. అది ఎవరి చేతిదో చెప్పగలవారు ఇంట్లో ఉండగానే ఆ పేరు రాసిపెట్టండి.