రక్తం లెక్క

ఎమ్మిగనూరులో నాకు తెలిసినతను ఒకడు వేటకుక్కల్ని పెంచి అమ్ముతాడు. కర్ణాటకలో బాగల్‌కోట వైపు ముధోళ జాతి. సన్నటి నడుము, పొడుగు మూతి. "తండ్రికి కూతుర్నే క్రాసింగ్ చేపిచ్చినా అన్నా, రక్తం చెదరగూడదని" అన్నాడు ఒకసారి, గర్వంగా.

అదేమీ పిచ్చిపని కాదు. జాతికుక్కలు చాలావరకు ఇలాగే తయారయ్యాయి. నచ్చిన గుణం నిలవాలంటే దగ్గర రక్తాన్ని కలపాలి. దీన్నే లైన్ బ్రీడింగ్ అంటారు, వినడానికి మర్యాదగా ఉంటుంది. చిక్కేమిటంటే మనం ఎంచుకున్న గుణంతో పాటు ఎంచుకోని లోపాలు కూడా రెండు వైపుల నుంచీ వచ్చి జతపడతాయి. డాల్మేషియన్లలో మూత్రంలో యూరిక్ యాసిడ్ పెరిగి రాళ్ళు కట్టే లోపం జాతి మొత్తానికీ పాకిపోయింది. లోపం లేని కుక్కే లేనప్పుడు ఇంక ఏరేదేముంది? 1973లో అమెరికాలో రాబర్ట్ షైబ్లీ అనే జన్యుశాస్త్రవేత్త ఒక్కసారి పాయింటర్ జాతితో కలిపి, ఆపైన తరతరానా డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చాడు. మచ్చలు నిలిచాయి, లోపం పోయింది. ఆ సంతతిని అక్కడి కెన్నెల్ క్లబ్ పూర్తిగా ఒప్పుకునేసరికి 2011 వచ్చింది. మన గ్రాంథికవాదులు గుర్తొచ్చారు నాకు.

మా ఆదోని పక్క గొర్రెలు కాసే ఒక పెద్దాయనకి ఏ క్లబ్బూ చెప్పలేదు. మందలో పుట్టినదాన్ని విత్తనపు పొట్టేలుగా ఉంచుకోడు, వేరే ఊరి మందతో మార్చుకుంటాడు.

దీనికి లెక్క కట్టే పద్ధతి 1922లో స్యూవల్ రైట్ ఇచ్చాడు. ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి దిగే అవకాశం ఎంత అని. తండ్రీకూతుళ్ళ సంతానానికి 25 శాతం. సవతి తోబుట్టువులకైతే 12.5. మేనమామ, మేనకోడలికి కూడా అంతే, 12.5.

మా నాన్న అమ్మకి సొంత మేనమామ. అక్కని మాత్రం బయటి సంబంధానికి ఇచ్చారు. ఇప్పుడు అక్క కూతుర్ని మా తమ్ముడికి చేసుకుందామని ఇంట్లో మాట నడుస్తోంది. పది లైన్ల పైథాన్ రాసి అందరి పేర్లూ ఎక్కిస్తే 15.6 వచ్చింది. అమ్మానాన్నల దగ్గరితనం కూడా వచ్చి కలిసింది మరి.

"కుక్కలకీ మనుషులకీ ఒకటే లెక్కనేమిరా?" అంది అమ్మ.

లెక్క ఒకటే. తేడా వేరేచోట ఉంది. కుక్కల పెంపకంలో పనికిరాని పిల్లల్ని తీసేస్తారు, మిగిలినవాటినే చూపించి రక్తం మంచిదంటారు. ఇళ్ళల్లో అలా తీసేసేదేమీ ఉండదు. ఎవరో ఒక తల్లి బతుకంతా మోస్తుంది.

"మీరు ముగ్గురూ బాగుండారు గదా" అంది మళ్ళీ. నిజమే. 15.6 అంటే జబ్బొచ్చే శాతం కాదు, మేనరికం పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. కానీ అక్కకి ముందు ఇంకొకరు ఉన్నారు. ఆర్నెల్లు బతికారు. కారణం ఇదేనని ఎవరూ చెప్పలేరు, ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. నా కోడ్‌లో కూడా ఎక్కించలేదు, లెక్కకి అవసరం పడదు కాబట్టి.

వారం తర్వాత మేనకోడలు ఫోన్ చేసింది. "పెద్దమామా, ఆ కోడ్ నాకు పంపు" అంది. వాళ్ళ నాన్న వైపు పేర్లు కూడా ఎక్కించి చూడాలంట.