కుచ్చిళ్లు చెప్పిన కబురు

నరసన్నపేటలోని ఆ ఇంటి పెద్దావిడకు డెబ్భై రెండేళ్లు. సంక్రాంతి పనుల హడావుడిలో ఓ పొద్దున్నే నీళ్ల బిందె ఎత్తబోయింది. అంతే! 'ఓలమ్మో, నడుంలో ఏటో కలుక్కుమన్నాదే' అంటూ గుమ్మంలోనే కూలబడిపోయింది.

పట్టేసిందనుకున్నారంతా. తైలం రాశారు, కాపడం పెట్టారు. మందుల షాపులో అడిగి తెచ్చిన నొప్పి బిళ్లలతో పది రోజులు నెట్టుకొచ్చారు. పడుకుంటే కాస్త నయం. లేచి నిలబడితే ప్రాణం పోయేంత నొప్పి. చివరికి కొడుకు శ్రీకాకుళం తీసుకెళ్లాడు.

ఎక్స్‌రేలో అసలు సంగతి తేలింది. వెన్నులో ఒక పూస ముందువైపు నొక్కుకుపోయింది. 'ఎముకలు గుల్లబారాయమ్మా. ఇలాంటప్పుడు కిందపడక్కర్లేదు, గట్టిగా దగ్గినా పూస విరగొచ్చు' అన్నాడు డాక్టరు. ఈమధ్య ఎత్తు తగ్గారా అనీ అడిగాడు. కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్లుగా అత్తగారి చీర నేలకు జీరాడుతోంది. ఆమె కుచ్చిళ్లు ఇంకాస్త పైకి దోపుకుంటోందే తప్ప, ఎందుకని ఎవరూ అనుకోలేదు!

విశాఖలో సూదితో సిమెంటు ఎక్కిస్తారని ఎవరో చెప్పారు. 'డబ్బు పోతే పోనీ, రేపే చేయించేద్దాం సార్' అని కొడుకు తొందర. డాక్టరు ఆపాడు. 1980ల్లో ఫ్రాన్స్‌లో మొదలైన ఆ పద్ధతి వెర్టిబ్రోప్లాస్టీ. ముందు చిన్న బెలూన్ ఉబ్బించి, ఆ ఖాళీలో సిమెంటు నింపితే కైఫోప్లాస్టీ. అయితే 2009లో వెలువడిన రెండు అధ్యయనాల్లో, సిమెంటు ఎక్కించినవారికీ, ఉత్త సూది గుచ్చినవారికీ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. పగులు తాజాగా ఉన్నప్పుడు మేలు కనిపించిందని 2016లో మరో అధ్యయనం చెప్పింది. అందుకే ఎమ్మారైలో తాజా పగులని తేలి, మందులకూ లొంగని నొప్పి ఉంటేనే దాని గురించి ఆలోచిస్తారు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి దానంతటదే తగ్గుతుంది. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా మాత్రం క్షణం ఆగకూడదు.

'సిమెంటు ఒక్క పూసకే. మిగతా పూసల మాటేమిటి?' అన్న డాక్టరు ప్రశ్నకు కొడుకు దగ్గర జవాబు లేదు. ఒకటి విరిగితే మరొకటి విరిగే ముప్పు ఎక్కువ. క్యాల్షియం, విటమిన్ డితో పాటు ఎముక అరగకుండా మందు వాడాల్సిందే. వారానికో అలెండ్రోనేట్ బిళ్ల అయితే పరగడుపున గ్లాసుడు నీళ్లతో మింగి, అరగంట దాకా నడుం వాల్చకూడదు. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జొలెడ్రోనిక్ యాసిడ్ అయితే కిడ్నీలు బాగుండాలి.

ఆ మాట వినగానే పెద్దావిడ ముఖం మారిపోయింది. ఆమె పుట్టిల్లు ఉద్దానం. తోడబుట్టినవాణ్ని కిడ్నీ జబ్బే మింగేసింది. పైగా పది రోజులుగా ఏవేవో నొప్పి బిళ్లలు! డాక్టరు వాటిని ఆపించి పారాసిటమాల్ రాశాడు. క్రియాటినిన్ పరీక్ష చేయించాడు. బాగానే ఉందని తెలిశాకే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

కొన్నాళ్లు నడుముకు బెల్టు. తర్వాత మెల్లమెల్లగా నడక. ఉగాదినాటికి పెద్దావిడ తనే వాకిట్లోకొచ్చి కూర్చుంది. నీళ్ల బిందె స్టూలెక్కింది, చేతికి చెంబొచ్చింది.

నెలసరి ఆగాక ఆడవాళ్లకు ఎముకల అరుగుదల వేగం పుంజుకుంటుంది. కోడలికి యాభై దాటాయి. మళ్లీ ఆసుపత్రికి బయల్దేరుతుంటే అత్తగారే అంది...

'నువ్వూ ఆ డెక్సా పరీచ్చేదో సేయించుకోయే. నీ సీర నేల మీద పడకముందే!'