పదకొండింటి ఇడ్లీ

ఆదివారం పొద్దున మీరు ఎన్నింటికి తింటారు? మా ఇంట్లో ఇప్పుడు పదకొండింటికి. హైదరాబాదు కొండాపూర్ వచ్చిన కొత్తలో ఆ మాట వింటే నా ప్రాణం ఉసూరుమనేది. తెనాలిలో ఏడున్నరకల్లా ఇడ్లీ వాయి దించేసి, ఎనిమిదిన్నరకి గిన్నెలు బోర్లించేసిన చెయ్యి ఇది. వచ్చిన వారమే, శనివారం మధ్యాహ్నం అలవాటు కొద్దీ మినప్పప్పు నానబోస్తుంటే మా కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తమ్మా, రేపు ఇంట్ల ఏం చెయ్యకుండ్రి. పదకొండింటికి బయటికి పోదాం, బ్రంచ్‌కి" అంది. కోడలిది కరీంనగర్. పప్పు వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టానే గానీ, రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. పదకొండు దాకా ఖాళీ కడుపుతోనా అని!

ఆ బ్రంచ్ అన్న మాట ఎక్కడిదో మా అబ్బాయి చెప్పాడు. 1895లో ఇంగ్లండులో గై బెరింజర్ అనే ఆయన ఒక పత్రికలో ఈ పేరుతో వ్యాసం రాశాడట. శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్ళని ఆదివారం పొద్దున్నే లేపకండి, ఫలహారాన్నీ మధ్యాహ్న భోజనాన్నీ కలిపేసి తీరిగ్గా ఒక్కసారే తినండి అని ఆయన విన్నపం. అలా తింటే మనుషులు నలుగురితో కలిసి కబుర్లాడతారనీ, మనసు తేలికపడుతుందనీ కూడా రాశాడట. ఈ రెండో సంగతి నాకు బాగా నచ్చింది. అది మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

కానీ విన్నాక నాకు గుర్తొచ్చింది మా తాతగారు. తాలూకా కచేరీలో గుమాస్తా. పొద్దున కాఫీ ఒక్కటే. తొమ్మిదిన్నర, పదింటికి పీట వేసుకుని పప్పూ కూరా పచ్చడీ మజ్జిగతో పూర్తి భోజనం చేసి, కండువా వేసుకుని కచేరీకి వెళ్ళేవారు. ఫలహారం అన్నది సాయంత్రం ఇంటికొచ్చాకే. పొలానికి వెళ్ళేవాళ్ళూ అంతే. చీకటితో వెళ్ళి, నాలుగు సాళ్ళు దున్ని, పొద్దెక్కాక గట్టు మీద చద్దిమూట విప్పేవాళ్ళు. ఈ మాట నేను అంటే మా కోడలు కళ్ళు పెద్దవి చేసి, "మా తాత నాగలి ఇడిసి సద్ది తినేది గిదే టైమ్‌కు అత్తమ్మా. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ" అంది. చూశారా! ఏడున్నర ఇడ్లీ మా తాతల నాటిది కాదు. బళ్ళూ ఆఫీసులూ గడియారం ముల్లుతో నడవడం మొదలయ్యాక, ఉడుపి వాళ్ళ హోటళ్ళు ఊరూరా వెలిశాక మాకు అలవాటైంది. పొద్దెక్కాకే కడుపు నిండా తినడం మాత్రం అంతకంటే పాతది. ఆ రోజు నుంచి పదకొండింటి మీద నాకున్న కోపం పోయింది.

అసలు ఇక్కడి పిల్లలు ఏ వేళకి తినాలో నిర్ణయించేది సూర్యుడు కాదు, అమెరికా ఆఫీసులు. న్యూయార్క్‌కీ మనకీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు తేడా, చలికాలంలో పదిన్నర. చలికాలంలో అక్కడ పొద్దున తొమ్మిదింటికి ఎవరో కుర్చీలో కూర్చుంటే ఇక్కడ మా అబ్బాయి రాత్రి ఏడున్నరకి చెవిలో ఫోను పెట్టుకుంటాడు. ఆ మాటలు అర్ధరాత్రి దాకా సాగుతాయి. కోడలిది వేరే కంపెనీ, వేరే వేళలు. వారంలో అయిదు రోజులు ఒకే ఇంట్లో ఉన్నా ముగ్గురం ఒక్కసారి కలిసి కంచం ముందు కూర్చోం. ఒకరు తింటుంటే ఇంకొకరు తలుపు వేసుకుని మీటింగులో ఉంటారు. నేను కొన్నాళ్ళు బాధపడ్డాను, దాచను. ఆదివారం పదకొండింటికి మాత్రం ముగ్గురం ఒకే బల్ల దగ్గర ఉంటాం.

ఇరవై ఏళ్ళ పైమాటే, మేం ఈ వైపు ఒకసారి వచ్చాం. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు ఇక్కడ మాదాపూర్‌లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. ఆ మరుసటి ఏడాది శిల్పారామం చూడ్డానికి వచ్చినప్పుడు, దారి పక్కన గుండ్రంగా ఆ పది అంతస్తుల మేడ. చుట్టూ ఏమున్నాయనుకున్నారు? బండలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నల్లరాతి బండలు. తినడానికి ఏం దొరుకుతుందో తెలియక పులిహోర కట్టుకొచ్చి, ఒక బండ నీడన కూర్చుని తిన్నాం. ఇప్పుడు అదే మాదాపూర్‌లో ఆదివారం పూట ఇడ్లీ కోసం పేరు రాయించుకుని నలభై నిమిషాలు నిలబడుతున్నాం.

నిలబడటం అంటే విసుగు కదా అంటారు. మీరొకసారి వచ్చి చూడండి. హోటలు ముందు మెట్ల మీద, స్కూటర్ల మీద ఆనుకుని, పసిపిల్లలని చంకనేసుకుని జనం. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్ళ పిల్లలు తలారా స్నానం చేసి వస్తారు. తల్లిదండ్రులు ఊరి నుంచి వచ్చినవాళ్ళని చూడగానే పోల్చేస్తాను. చేతిసంచీ వదలరు, బిల్లు ఎంతవుతుందో అని బోర్డు వంకే చూస్తుంటారు. మొన్న ఒకావిడ నా పక్కన నిలబడి, "మీదే ఊరండీ?" అని మొదలుపెట్టింది. వాళ్ళది అంబాజీపేట. పొట్టిక్కల గురించి అరగంట మాట్లాడుకున్నాం. పనసాకులు పుల్లలతో కుట్టి బుట్ట చేసి, అందులో పిండి పోసి ఉడికిస్తే ఆకు వాసన ఎలా దిగుతుందో ఆవిడ చెబుతుంటే మా పేరు పిలిచినా వినపడలేదు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎదురింటివాళ్ళతో నేను ఇన్ని మాటలు మాట్లాడి ఎరగను. ఆ ఇంగ్లండాయన చెప్పింది ఇదే కదా!

లోపలికి వెళ్ళాక ఇంకో తమాషా. జనం ఏం అడుగుతున్నారో చెవి పెట్టి వింటే వాళ్ళ జిల్లా తెలిసిపోతుంది. మైసూర్ బజ్జీ అన్నారా, మావైపు వాళ్ళు. మైసూర్ బోండా అంటే ఎక్కువగా తెలంగాణ. నేను గారె అంటాను, కోడలు వడ అంటుంది, వచ్చేది ఒకే పళ్ళెం. దోశ మీద ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లమని అడిగే కుర్రాడు సీమవాడు. ఉగ్గాని ఉందా అని అడిగి, లేదంటే ముఖం చిన్నబుచ్చుకునేవాడిది కర్నూలో అనంతపురమో. దిబ్బరొట్టె అడిగితే గోదావరి. పెసరట్టులో ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు అనడం ఈ ఊళ్ళో అలవాటు; బంజారాహిల్స్ వైపు పేరు తెచ్చుకుని ఊరంతా పాకిన చట్నీస్‌లో అయితే చిరంజీవి పేరు మీద ఆవిరి దోశే ఉంది. బెంగళూరులో 2021లో మొదలైన రామేశ్వరం కెఫే 2024లో మన మాదాపూర్‌కి వచ్చింది. అబ్దుల్ కలాంగారి మీద గౌరవంతో ఆయన పుట్టిన ఊరి పేరు పెట్టుకున్నారట. అక్కడ దోశ మీద నెయ్యి ధార చూసి నేను కాసేపు అలాగే నిలబడిపోయాను.

నేను ముందుగా రుచి చూసేది ఇడ్లీ కాదు, చట్నీలు. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, టమాటా, అల్లం, కారప్పొడి మీద నెయ్యి. పెసరట్టుకి అల్లం పచ్చడి తప్ప ఇంకోటి నంజుకుంటే నా నాలుక ఒప్పుకోదు. ఇందులో రాజీ లేదు. పల్లీ చట్నీ దగ్గర మాత్రం మా కోడలు గెలిచింది. వాళ్ళింట్లో పల్లీలు మాడీమాడకుండా వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, వెల్లుల్లితో నూరే పద్ధతి నేర్చుకున్నాక కొబ్బరి చట్నీ మా ఇంట్లో వెనక్కి తగ్గింది.

దోశ మాస్టరుని చూడటానికి వీలుంటే ఆ వైపు బల్లే అడుగుతాను. పెనం మీద నీళ్ళు చిలకరించి చీపురుతో తుడవడం శుభ్రానికే అనుకుంటారు చాలామంది. పెనం మరీ కాలి ఉంటే పిండి పడ్డచోటే అంటుకుపోయి గరిటెకి సాగదు. ఆ నీళ్ళతో వేడి కొంచెం తగ్గితే పిండి పల్చగా పరుచుకుంటుంది. ఇక ఇడ్లీ సంగతి నాకు ప్రాణం. మినప్పప్పులోని జిగురే అందులో కిటుకు. రాత్రంతా పులిసేటప్పుడు పిండిలోని సూక్ష్మజీవులు గాలి బుడగలు పుట్టిస్తాయి. ఆ బుడగలు ఎగిరిపోకుండా పట్టుకునేది ఆ జిగురూ ఆ పప్పులోని మాంసకృత్తులూ. పెసరట్టు పిండిని అలా పులియబెట్టక్కర్లేదు, రుబ్బగానే పోసెయ్యొచ్చు. జనవరిలో హైదరాబాదు చలికి పిండి పులవడానికి తెనాలిలో కంటే ఎక్కువ సేపు పడుతోంది. గిన్నెకి తువ్వాలు చుట్టి పడుకోబెడుతున్నాను. ఇన్ని వందలమందికి రోజూ ఒకే మెత్తదనంతో ఇడ్లీ పెట్టేవాళ్ళకి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ లోపలి వంటింట్లో తెల్లవారుజామున మూడింటికే లేచి పప్పు రుబ్బినవాళ్ళు ఉంటారు. మనకి పదకొండు తీరికైతే, వాళ్ళకి అప్పటికి సగం రోజు అయిపోయి ఉంటుంది. వడ్డించిన అబ్బాయిని నేను తప్పకుండా అడుగుతాను, "నాయనా, నువ్వు తిన్నావా?" అని. శ్రీకాకుళం కుర్రాడు ఒకడు, "పన్నెండున్నరకి తింటామమ్మా" అన్నాడు. ఆ పై ఆదివారం మేం వెళ్ళేసరికి వాడే మా బల్ల వెతికిపెట్టాడు.

మొన్న ఆదివారం మా అబ్బాయి ఫోను బల్ల మీద బోర్లించి పెట్టి, దోశ తుంచుతూ, చిన్నప్పుడు నేను డబ్బాలో పెట్టిచ్చిన ఇడ్లీలు బడి మెట్ల మీద ఎవరితో పంచుకున్నాడో చెప్పుకొచ్చాడు. నాకు తెలియని సంగతి అది. ఇన్నేళ్ళ తర్వాత విన్నాను. ఫోను రెండుసార్లు బల్ల మీద గుర్రుమంది. వాడు చూడలేదు. కోడలు ఒక ఫిల్టర్ కాఫీ వన్ బై టూ చెప్పి సగం నా వైపు జరిపి, "అత్తమ్మా, వచ్చే ఐతారం ఏడికి పోదాం?" అంది.

"ఉగ్గాని దొరికే చోటు వెతుకు" అన్నాను.