తప్పు నంబరు ఎవరిది?

అక్క కూతురికి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ రోజే ఆఖరు. పుస్తకం నిండా కాలేజీల కోడ్లు రాసుకుని పొద్దున్నే మా ఇంటికొచ్చింది. తీరా కంప్యూటర్ ముందు కూర్చుంటే... ఏ సైటూ తెరుచుకోదు! రూటర్ లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. వైఫై గుర్తు నిండుగా ఉంది. ఆపి, మళ్లీ వేశాం. ఊహూ. పిల్ల మొహం పాలిపోయింది.

‘‘రాత్రి గేములాడుతూ ఏదో కెలికావు కదూ?’’ ఎనిమిదేళ్ల మావాడి మీద విరుచుకుపడ్డాను. ‘‘నేను కాదు నాన్నా’’ అంటూ గుడ్లనీళ్లు కుక్కుకున్నాడు.

మా నాన్న చేతిలో పేపరు పక్కన పెట్టారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారాయన. ‘‘అరవడం తర్వాత. ముందు లైను పోయిందో, నంబరు తప్పో చూడరా’’ అన్నారు.

నిజమే! కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పింగ్ 8.8.8.8’ కొట్టాను. జవాబొచ్చింది. అంటే లైను బాగానే ఉంది. అంకెల బదులు సైటు పేరు కొడితే మాత్రం దొరకలేదంది. పేరు చెబితే నంబరు వెతికిచ్చే డైరెక్టరీ, అదే డీఎన్ఎస్ దగ్గరే తేడా!

ఒకప్పుడు కంప్యూటర్ల పేర్లూ నంబర్లూ అన్నీ ఒక్క ఫైల్లోనే ఉండేవట. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ దాన్ని చూసుకునేది. కంప్యూటర్లు పెరిగి ఆ పద్ధతి చాలకపోవడంతో 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌కి రూపమిచ్చాడు.

రూటర్‌కి పేరుతో పనిలేదు కాబట్టి 192.168.1.1 కొడితే సెట్టింగుల పేజీ వచ్చింది. డీఎన్ఎస్ గడిలో చూద్దును కదా... 8.8.8.9! వేగం పెరుగుతుందని ముందురోజు రాత్రి గూగుల్ డీఎన్ఎస్ నంబరు ఎక్కించింది నేనే. చివరి 8 బదులు 9 నొక్కాను. రెండో గడి ఖాళీగా వదిలేశాను. మొదటిది సరిచేసి, రెండో దాంట్లో 8.8.4.4 వేశాను. కంప్యూటర్‌ని మళ్లీ వైఫైకి కలపగానే కౌన్సెలింగ్ పేజీ తెరుచుకుంది. పిల్ల గబగబా కోడ్లు కొట్టడం మొదలుపెట్టింది.

‘‘మా రోజుల్లో రాంగ్ నంబరొస్తే ‘సారీ’ చెప్పి పెట్టేసేవాళ్లం’’ అన్నారు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండానే.

అర్థమైంది. లేచి మావాడి గదిలోకి వెళ్లాను.