షిఫ్టుల ఊళ్లో వనభోజనాలు

కార్తీకమాసం వచ్చిందంటే వనభోజనాల మాట మీ వీధిలోనూ మొదలవుతుంది కదూ! అందరూ కలిసి ఒక ఆదివారం అనుకుంటారు, తలా ఒక వంట చేసుకుంటారు, ఉసిరి చెట్టు వెతుక్కుని బయల్దేరతారు. ఇందులో ముందుగా ఆలోచించాల్సింది ఏముంది అనిపిస్తుంది. ఒక్కసారి మా శ్రీరాంపూర్ వచ్చి చూడండి. ఆ ఒక్క ఆదివారం కుదుర్చుకోవడానికే ఎంత తతంగమో తెలుస్తుంది!

శ్రీరాంపూర్ ఎక్కడో తెలియని వారికి చెబుతాను. కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలులో మంచిర్యాలలో దిగి, బస్సో ఆటోనో ఎక్కితే మా ఊరు. గోదావరికి అవతల రామగుండం, గోదావరిఖని, ఇవతల మేము. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. ఊరంతా సింగరేణి బొగ్గు మీద బతికేదే. గనిని ఇక్కడ 'బాయి' అంటారు. "మీ ఆయనది ఏ బాయి?" అని అడిగితే పొలంలో బావి అనుకునేరు సుమా! ఆర్కే-5, ఆర్కే-7, ఎస్సార్పీ-3 అంటూ బాయిలకు నంబర్లుంటాయి. కొత్త కోడలు మొదట నేర్చుకునేది మొగుడి బాయి నంబరు, ఆ తర్వాత షిఫ్టు.

అసలు చిక్కు ఈ షిఫ్టులతోనే. వారం వారం మారతాయి. ఈ వారం పొద్దున వెళ్లిన మనిషి వచ్చే వారం రాత్రికి వెళతాడు. పక్కింట్లో తెల్లవారితే ఎదురింట్లో అప్పుడే పడుకుంటారు. పోనీ ఆదివారం అందరికీ సెలవే కదా అంటారా? అదీ చెప్పలేం. సెలవు రోజున పని పడితే దానికి 'ప్లే డే' అని పేరు. ఆడుకునే రోజని అర్థం వచ్చే పేరు పెట్టి డ్యూటీ చేయించడం తమాషాగానే ఉంటుంది గాని, ఆ రోజు కూలి రెట్టింపు. పిల్లల ఫీజుల నెలలో ప్లే డే పడిందంటే ఏ ఇల్లాలు వద్దంటుంది చెప్పండి?

మా వరుస క్వార్టర్ల వాళ్లం మొదటిసారి వనభోజనాలకు వెళ్లినప్పుడు ఇవేవీ ఆలోచించలేదు. పంచాంగం చూసి మంచి ఆదివారం పెట్టేశాం. తీరా శనివారం రాత్రి ఒక్కొక్కరే తలుపు తట్టడం మొదలైంది. "రేపు మీ అన్నకు ప్లే డే పడ్డది వదినా, డబల్ పైసలు. ఎట్ల ఇడిచిపెడతం?" అని ఒకామె. "మా ఆయన నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పండుకుంటడు, నేను రాలేను చెల్లె" అని ఇంకొకామె. పద్నాలుగు కుటుంబాలు అనుకున్నది ఏడు అయ్యాయి. మగవాళ్లు నలుగురే వచ్చారు. ఆడవాళ్లం తెల్లవారుజామున మూడింటికి లేచి వండాం, అక్కడ వడ్డించాం, గిన్నెలు తోమాం, ఇంటికొచ్చి మళ్లీ రాత్రి వంట చేశాం. మర్నాడు నాకు నడుము లేవలేదు. అది సెలవు ఎవరికో మీరే చెప్పండి!

ఇంకో తప్పు కూడా చేశాం. మా వరుస చివర ఇంట్లో ఒకామె ఉంది. భర్త పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది, జనరల్ షిఫ్టుకు వెళ్లి వస్తుంటుంది. జంటలు జంటలుగా వెళుతుంటే చూసి బాధపడుతుందేమో అని మేమే అనేసుకుని ఆమెను పిలవలేదు. సాయంత్రం వ్యాన్ దిగుతుంటే ఆమె గేటు దగ్గర నిలబడి, "బాగ జరిగిందా?" అని అడిగింది. పులిహోర మిగిలింది, పంపిస్తానన్నాను. "వద్దులే అక్కా, వండుకున్న" అంది. ఆ మాట ఏడాదంతా నన్ను పొడుస్తూనే ఉంది.

మరుసటి ఏడాది నేనే ముందు వాళ్లింటికి వెళ్లాను. పిలవడానికి కాదు, పని చెప్పడానికి. "లెక్కలు నువ్వు చూడాలి" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి పిల్లవాడి పాత నోటుబుక్కు తెచ్చుకుంది. ఆమె మొదట రాసింది చందాలు కాదు, ఏ ఇంట్లో ఎవరికి ఏ వారం ఏ షిఫ్టు అన్నది. నాలుగు ఆదివారాలూ వరుసగా గీసి చూస్తే, మూడో ఆదివారం నాడు రాత్రి షిఫ్టు నుంచి దిగేవాళ్లు ఇద్దరే తేలారు. ఆ ఇద్దరి కోసం బయల్దేరే వేళను పదిన్నరకు జరిపాం, రెండు చాపలు, దిండ్లు వ్యాన్‌లో వేశాం. చెట్టు కింద మధ్యాహ్నం దాకా నిద్రపోయారు పాపం. భూమి అడుగున చీకట్లో పనిచేసే మనిషి ఎండపొడలో పడుకోవడమే పెద్ద విహారం అని ఆ రోజు అనిపించింది. ప్లే డే పడ్డవాళ్లను మాత్రం ఎవరం తప్పుపట్టలేదు. వాళ్ల భార్యాపిల్లలను మాతో తీసుకువెళ్లాం, వాళ్లకు డబ్బాలు కట్టి ఉంచాం.

మరి స్థలం? మా చుట్టుపక్కల చూడదగ్గవి తక్కువేం కాదు. మందమర్రి దగ్గర బొక్కలగుట్ట వైపు గాంధారి ఖిల్లా ఉంది. పాత కోట, చుట్టూ అడవి. కొండ ఎక్కడం సరదాగానే ఉంటుంది గాని మోకాళ్ల నొప్పుల అత్తగార్లు ఉంటే వద్దు. దండేపల్లి మండలం గూడెం గుట్ట మీద సత్యనారాయణస్వామి గుడి ఉంది. కార్తీక పున్నమికి జనం ఇసుక వేస్తే రాలనంత. వ్రతం చేసుకోవాలనుకుంటే పున్నమి దాటాక మామూలు రోజున వెళ్లండి, తీరిగ్గా ఉంటుంది. జైపూర్ మండలంలో శివ్వారం దగ్గర గోదావరి ఒడ్డున మొసళ్ల అభయారణ్యం ఉంది, సుమారు 36 చదరపు కిలోమీటర్లు. మొసళ్లను దూరం నుంచే చూడాలి. కార్తీక స్నానం పుణ్యమని అక్కడ మాత్రం నీళ్లలో కాలు పెట్టకండి! ఆ మాటకొస్తే గోదావరిలో ఎక్కడైనా పిల్లల మీద ఒక కన్నుండాలి. పైన ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది, గేట్లు ఎత్తితే దిగువన నీరు పెరుగుతుంది. మేం ఒడ్డుకు దూరంగా, నీడ ఉన్న తోట చూసుకున్నాం. ఓపెన్‌కాస్ట్ గని దగ్గర చోటు ఎంచుకోవద్దు. దుమ్ముకు తోడు బ్లాస్టింగ్ మోతకు చంటిపిల్లలు ఉలిక్కిపడతారు.

వంట సంగతి మీకు నేను చెప్పాలా? అయినా ఒక్క మాట. అడవిలో పొయ్యి పెట్టకండి, ఎండుటాకులకు నిప్పు అంటుకుంటే ఆర్పలేం. అందుకని మేం ఇంట్లో వండి తీసుకెళ్లేవీ, పొయ్యితో పనిలేనివీ పెట్టుకున్నాం. నలభై మందికి రెండున్నర కిలోల బియ్యంతో పులిహోర, రెండున్నర కిలోలతో బగారా అన్నం సరిపోయాయి. పులిహోరకు కిలో బియ్యానికి వంద గ్రాముల చింతపండు లెక్క. పులుసు ముందు రాత్రే ఉడికించి దింపుకుంటే పొద్దున అన్నంలో కలపడమే పని. సర్వపిండి నాలుగిళ్ల వాళ్లు పంచుకుని తలా పది చేశారు, చల్లారినా రుచి పోదు. బొబ్బర గుడాలు పిల్లలకు. బగారాలోకి పచ్చిపులుసు అక్కడికక్కడే కలిపాం. మిరపకాయలు ఇంటి దగ్గరే కాల్చి పట్టుకెళితే చాలు, చింతపండు పిసికి ఉల్లిపాయ తరిగి వేయడమే. కార్తీకంలో మాంసం తినని ఇళ్లున్నాయని ఆ ఒక్క రోజు అందరం శాకాహారమే. మాలో మగవాళ్లు కొందరు మొహం ముడుచుకున్నారు గాని, రెండోసారి వడ్డించమన్నది కూడా వాళ్లే!

వంట ఆడవాళ్లది కాబట్టి వడ్డన, విస్తళ్లు ఎత్తడం, గిన్నెలు కడగడం మగవాళ్లవని ముందే నోటుబుక్కులో పేర్లతో రాయించాం. "బాయిల పని చేసెటోళ్లం, గిన్నెలు తోముడు ఒక లెక్కనా?" అని ఒక పెద్దాయన జబ్బ చరిచాడు. తోమాక చూస్తే గిన్నె అడుగున మసి అట్లాగే ఉంది. బొగ్గు మనిషికి మసి కనపడదేమో అని ఆడవాళ్లం ఒకటే నవ్వు.

ఇక ఆటలు. కుర్చీలాట, నిమ్మకాయ చెంచా, అంత్యాక్షరి ఎక్కడైనా ఉండేవే. మేం ఒక కొత్త ఆట పెట్టాం, మీరూ మీవారి ఆఫీసు బృందంతో వెళ్లినప్పుడు ఆడి చూడండి. ఆడవాళ్లను బాయి మాటలు అడగాలి, మగవాళ్లను ఇంటి మాటలు. తట్టా చెమ్మాస్ అంటే ఏమిటి, షాట్‌ఫైరర్ ఏం చేస్తాడు, రూఫ్ బోల్టు ఎందుకు కొడతారు అన్నవి మాకు. ఇంటికి రోజూ పాలెన్ని, కందిపప్పు కిలో ఎంత, చిన్నవాడు ఏ క్లాసు ఏ సెక్షన్ అన్నవి వాళ్లకు. పైకప్పు కూలకుండా బోల్టు కొడతారని ఆడవాళ్లలో దాదాపు అందరూ చెప్పారు. చెప్పకేం, రోజూ ఆ కప్పు గురించే కదా మా భయం. మగవాళ్లలో సెక్షన్ చెప్పగలిగింది ముగ్గురే. తెలియనాయన ఒకాయన తల గోక్కుంటూ, "నేను ఇంటికొచ్చే వరకు వాడు పండుకుంటడు, వాడు లేచే వరకు నేను పోత" అన్నాడు. నవ్వుతున్నవాళ్లం ఆగిపోయాం. కొడుకే వచ్చి తండ్రి చెవిలో 'బి' అని చెప్పాడు.

మా లెక్కలావిడకు ఏ జట్టులో ఆడాలో మొదట తెలియలేదు. ఇంటి మాటలూ తెలుసు, బాయి మాటలూ తెలుసు. ఆమెను ప్రశ్నలు అడిగే మనిషిని చేశాం. భూగర్భ గనుల్లో ఆడవాళ్లు పనిచేయడానికి 2019లోనే కేంద్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. మున్ముందు మా ఆటలో ఇలా రెండు వైపులా చెందేవాళ్లు ఇంకా పెరుగుతారు, కొత్త ప్రశ్నలు తయారుచేసుకోవాలి.

కార్తీకంలో కుదరని వారికి మా ఊళ్లో ఇంకో అవకాశముంది. 1920లో డిసెంబర్ 23న సింగరేణి కంపెనీ ఏర్పడింది, ఏటా ఆ రోజున ఉత్సవాలు చేస్తారు. ఆడవాళ్లు తిండి స్టాళ్లు పెడతారు, ఆటపాటలుంటాయి. నిరుడు స్టాలు పెట్టిన ఒకామె సర్వపిండి సాయంత్రం ఏడింటికే అయిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

చందాల సంగతి అడుగుతారేమో. ఇంటికి ఇంత అని కాక మనిషికి ఇంత అని పెట్టండి, పిల్లలకు సగం. నలుగురున్న ఇల్లు, తొమ్మిదిమంది ఉన్న ఇల్లు ఒకే చందా అంటే పైకి అనకపోయినా లోపల సణుగుడు ఉంటుంది. వ్యాన్‌కు బయానా ముందే ఇచ్చి రసీదు తీసుకోండి. మిగిలిన డబ్బు తిరిగి పంచకుండా మేం రెండు పెద్ద గంజులు కొన్నాం. ఇప్పుడు ఏ ఇంట్లో శుభకార్యమైనా అవే వెళతాయి.

ఈ ఏడాదికి అప్పుడే మా లెక్కలావిడ నోటుబుక్కు పట్టుకుని బయల్దేరింది. నిన్న సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "అక్కా, కార్తీకం రెండో వారం అన్నకు ఏ షిఫ్టు?" అని అడిగింది. నేను గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లాను.