కబ్రస్తాన్‌ని ఏ పడవలో ఎక్కిస్తారు?

మాల్దీవులంటే మన ఇళ్లలో రెండే మాటలు. ఒకటి హనీమూన్ ఫొటోలు. రెండోది, "పాపం, మునిగిపోతుందట కదా!" దాదాపు 1,190 జజీరాలు. మనుషులుండేవి 200 లోపే. జమీన్‌లో 80 శాతానికి పైగా సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా లేదు. కాబట్టి అక్కడ ఇంజనీర్లకు పని తప్పదు. 1987లో అలలు మాలే నగరాన్ని ముంచాక జపాన్ మదద్‌తో చుట్టూ గోడ కట్టారు. 2004 సునామీలో ఆ గోడే చాలావరకు కాపాడింది. నేనేమీ గోడలకు దుష్మన్‌ని కాను.

నా సవాల్ వేరే. ఎవరి హిఫాజత్ కోసం కడుతున్నారో వాళ్లతో మష్వరా చేశారా?

అదే సునామీలో రా అటోల్‌లోని కందోల్‌హుదూ ఉండడానికి పనికిరాకుండా పోయింది. అక్కడి వేలమంది ఏళ్లపాటు వేరే జజీరాల్లో తలదాచుకున్నారు. చివరికి అప్పటిదాకా ఎవరూ ఉండని దువాఫారులో రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ వాళ్లు ఇళ్లు కట్టించారు. మంచి పనే. జర్నలిస్టుగా నిర్వాసితుల కాలనీలు కొన్ని చూశాను. ఇళ్ల లెక్క ఎప్పుడూ పక్కాగా ఉంటుంది. కబ్రస్తాన్ లెక్కే ఏ కాగితంలోనూ కనపడదు. జరూరత్ లేకుండా మయ్యత్‌ని కదపొద్దంటుంది మన ఫిఖ్. మరి జుమా తర్వాత అబ్బాజాన్ కబ్రు దగ్గర ఫాతిహా చదివే అలవాటున్న మనిషికి, ఆ కబ్రు సముద్రం అవతల ఉండిపోతే, ఇంజనీరు దగ్గర ఏం జవాబుంది?

మాలేలో 1658 నాటి హుకురు మిస్కీ ఉంది. హుకురు అంటే జుమా. పగడపు రాతిని కొయ్యపనిలా ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టి కట్టిన మస్జిద్. కట్టడం ఖిబ్లా వైపు సరిగ్గా తిరిగి లేదు, అందుకని లోపల సఫ్‌లు ఏటవాలుగా వేసుకుంటారు. చుట్టూ చెక్కిన కబ్రు రాళ్లు. దీన్ని ఎత్తుగా ఉన్న ఇంకో జజీరాలో 'మళ్లీ కడతాం' అనడం సులువు. (పగడాన్ని తవ్వి తవ్వి అలల్ని ఆపే దిబ్బల్ని బలహీనపరిచింది కూడా మనుషులే. ఆ మాటా దాచకూడదు.)

ఇక కుల్హుదుఫుషి. అక్కడి ఔరతులు తరతరాలుగా మడ అడవి బురదలో కొబ్బరి డొక్కలు ఊరేసి, కొట్టి, పీచు తాడు పేనేవాళ్లు. కోనసీమ వాళ్లకు ఈ పని గురించి చెప్పక్కర్లేదు. ఆ మడలో పెద్ద భాగాన్ని ఇసుకతో పూడ్చి ఎయిర్‌పోర్టు కట్టారు, 2019లో తెరిచారు. మడ అడవి అలల జోరును తగ్గిస్తుందని ఇంజనీర్లకు తెలియనిది కాదు. డొక్కలు ఊరేసుకునే చోటు పోతే, ఆ ఔరతుల చేతిలోని సొంత పైసా కూడా పోతుంది. దాన్ని ఏ నక్షాలో గీస్తారు?