పెద్దాసుపత్రిలో దారి

విశాఖపట్టణమున మహారాణిపేటలో, సముద్రమునకు అనతిదూరమున, ఒక కొండవాలుపై కింగు జార్జి ఆసుపత్రి గలదు. 1923వ సంవత్సరము జూలై 19వ తేదీని ఇది ప్రారంభమైనది. ఆంధ్ర వైద్య కళాశాలయు ఆ యేటనే పుట్టినది. శ్రీకాకుళము, విజయనగరము, మన్యప్రాంతము, ఒడిస్సా దక్షిణభాగము - ఇన్ని చోట్లనుండి రోగు లిచ్చటికి వత్తురు. వారి నోట ఇది పెద్దాసుపత్రియే.

సోదరీమణులారా, కొండవాలున గట్టిన ఆసుపత్రిలో నేల సమముగా నుండదు. ఒక కట్టడము క్రింద, వేఱొకటి మీద. క్రిందిగేటున దిగవలసినవారు మీదిగేటున దిగిరేని, ఆయాసపు రోగికి ఆ యెత్తుపల్లములే వేఱొక రోగము. వార్డుల పేరులో, భావనగరు వార్డు, రాజేంద్రప్రసాదు వార్డు! ఆ పేరులనుబట్టి అచ్చట ఏ వైద్యము జరుగునో చదువుకొన్న మనకైనను తెలియదు. ఒక అవ్వ నన్నాపి, "ఆ నగరానికి బస్సెక్కడెక్కాలమ్మా?" అని యడిగినది. నవ్వు వచ్చినది గాని, ఆమె చేతిలోని చీటీ చూచినంతనే ఆ నవ్వు నిలువలేదు.

ఓపీ వేళ దాటెనేని మరునాడు రావలసినదే. మన్యమునుండి వచ్చిన స్త్రీకి మరునాడనగా ఇంకొక దినపు కూలి పోవుట, రాత్రి ఏ చెట్టుక్రిందనో పండుకొనుట. కొందఱు వైద్యునికి చూపించుకొనకయే యిల్లు చేరుదురు. వారిలో తెలుగు రానివారును గలరు. కువి, ఆదివాసీ ఒడియా మాటలాడుదురు. వారికి తోడ్పడుటకై ఆసుపత్రిలో గిరిజనుల కొఱకు ప్రత్యేక విభాగ మేర్పడుట మిక్కిలి మేలైన పని. వ్రేలు చూపి "అటు పొమ్మ"నుట దారి చూపుట కాదు గదా.

దారి చూపుట యెట్లో ఒక సహాయకురాలివలన నేర్చుకొంటిని. అత్తగారిని వార్డులో చేర్చిన యొక పడుచును ఆమె మందులిచ్చు చోటికి దీసికొనిపోవుచుండెను. అక్షరములు చదువలేని యా పడుచునకు ప్రతి మలుపున నొక గుఱుతు జెప్పినది: ఇచ్చట వేపచెట్టు, ఇచ్చట నీళ్ల కుళాయి, ఇచ్చట పచ్చ తలుపు. చీటీని కొంగున ముడివేయించినది. మందులు చేతికి వచ్చిన పిమ్మట తాను వెనుకకు దగ్గి, "ఇప్పుడు నువ్వు ముందు నడు, నీ వెనక నేనొస్తాను" అన్నది. ఆ పడుచు కుళాయికడ తడబడి నిలిచినది. సహాయకురాలు పలుకక వేచియుండెను. కొంతసేపటికి ఆ పడుచే వేపచెట్టును గుర్తించి అటు తిరిగినది.

సాయంకాలము వార్డు మెట్లకడ ఆ పడుచు, క్రొత్తగా వచ్చిన వేఱొక కుటుంబమునకు పచ్చ తలుపు సంగతి చెప్పుచుండెను.